గొర్రెల తొట్టి

మా అత్త కెంచమ్మకు జీవితంలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. తల మునిగేలా ఒక్కసారి నీళ్ళలో దిగాలి. వానచుక్క కరువైన పావగడ తాలూకాలో పుట్టినవాళ్ళు కోరే కోరికేనా అది! మా ఊరి చెరువులో నీళ్ళను నేను కాపురానికి వచ్చిన ఏడాది చూశాను. ఆ తర్వాత ఆ చెరువులో పిల్లలు క్రికెట్ ఆడటమే చూశాను.

అత్త యేసును నమ్ముకుని అప్పటికి మూడేళ్ళయింది. ప్రతి ఆదివారం బస్సెక్కి వై.ఎన్. హొసకోటలో ప్రార్థనకు వెళ్ళి వచ్చేది. బాప్తిస్మం మాత్రం మిగిలిపోయింది. అది తీసుకుంటే పాత బతుకు పోయి కొత్త బతుకు మొదలైనట్టట. అందుకు మనిషి పూర్తిగా మునగాలట. మునగడానికి నీళ్ళుండాలి. కథంతా అక్కడే ఆగింది.

నాకు చిన్నప్పటి నుంచి ప్రశ్నల జబ్బు. పుట్టింట్లో ఆ జబ్బుకు తిట్లే మందు. అత్త మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. ఒకరోజు అడిగాను.

"అత్తా, నెత్తిన చెంబెడు పోసుకుంటే చాలదా?"

"చాలదు. పాత కెంచమ్మ చచ్చిపోవల్ల. చెంబు నీళ్ళకు ఎవురన్నా చస్తారా?"

"అట్లయితే హిందూపురం పోదాం. ఆడ చర్చిలో సిమెంటు తొట్టి కట్టినారంట గదా."

అత్త కాసేపు రాగులు చెరిగింది. "ఈడ నమ్ముకున్నా. ఊరికి తెలీకుండా యాడికో పొయ్యి మునిగొస్తే దొంగతనం చేసినట్ల ఉంటాది. అదీ గాక, మీ మామ హిందూపురానికి రాడు. ఆయప్ప చూడల్ల."

మామ పేరు శివన్న. ఒకప్పుడు నూటా ఇరవై గొర్రెలున్న మనిషి. మేపడానికి బీళ్ళు తగ్గిపోయాక గొర్రెలమ్మి వేరుశెనగ వేశాడు. వానలు వరసగా మొహం చాటేశాక ఆ భూమిని సోలార్ పార్కుకి ఇచ్చేశాం. ఇప్పుడు ఆ నాలుగు ఎకరాల మీద నల్లటి అద్దాలు పరుచుకుని ఉన్నాయి. మామ అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తుంటాడు. గుడికి వెళ్ళడు, చర్చికి వెళ్ళడు. ఏ దేవుడి దగ్గరకైనా సరే వెళ్ళి అడగడం ఆయన మానేశాడు. మనుషుల్ని అడగడం అంతకంటే ముందే మానేశాడు. పక్కింటి నుంచి అగ్గిపెట్టె తెమ్మన్నా నన్నే పంపేవాడు.

నేను ఆ అద్దాలు కడిగే పనికి వెళ్తాను. ఎండ ముదరకముందే కడగాలి. కాలిన అద్దం మీద చల్లటి నీళ్ళు పడితే పగులుతుంది. అందుకని తెల్లవారుజామునే ఎనిమిది మంది ఆడవాళ్ళం పొడుగు కర్రల బ్రష్షులు పట్టుకుని వరసలో నిలబడతాం. వెనక ట్యాంకర్ కదులుతూ వస్తుంది. రోజుకి ఎన్ని వేల లీటర్లు ఆ అద్దాల మీద నుంచి జారి నేలలో ఇంకిపోతాయో! ఇంట్లో మా అత్త మునగడానికి నీళ్ళు లేవు. ఈ రెండూ ఒకే ఊర్లో ఎలా కుదిరాయని నేను రోజూ అనుకునేదాన్ని.

అత్త పొద్దున్నే నాతోపాటు లేచేది. పొయ్యి వెలిగించేముందు బియ్యం చేటలోకి పోసుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న మట్టి ముంతలో వేసేది. రాత్రి వంటకి ముందు మళ్ళీ ఒక పిడికెడు. వారానికి ముంత సగం అయ్యేది. ఆదివారం దాన్ని మూటకట్టి తీసుకెళ్ళేది. అక్కడ అలాంటి మూటలన్నీ కలిపి వండి, దిక్కులేని ముసలివాళ్ళకు పెడతారు.

మామకు ఆ పిడికెడంటే వేళాకోళం. "ఏమ్మే, మీ దేవుడు అంత బక్కోడా? పూటకింత పెట్టి లావు చేస్తాండావు!"

అత్త నవ్వేసేది. ఆమెకు కోపం రావడం నేను చూడలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున అత్త నాకు ఒక పాతకాలపు కథ చెప్పింది. జనమంతా ఎడారిలో నడిచిపోతున్నారట. తినడానికేమీ లేదు. దేవుడు రోజూ పొద్దున మంచుతో పాటు నేలమీద రొట్టెలాంటిది కురిపించాడట. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకుంటే తెల్లారేసరికి పురుగులు పట్టేదట.

"అదేం ఇచ్చేదత్తా?" అన్నాను. "ఇచ్చేటోడు నాలుగు దినాలు నిలవుండేది ఇయ్యకూడదా? చెడిపోయేది ఎందుకియ్యల్ల?"

అత్త పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "నాలుగు దినాలకు ఇస్తే నాలుగు దినాలు ఆయప్ప మొగం చూస్తారా ఎవురన్నా? పిల్లోళ్ళకు నెలకు సరిపడా అన్నం ఒకేసారి పెట్టేసి పొమ్మంటామా? ఆకలైనప్పుడల్లా అమ్మ కాడికి రావల్ల. అదీ."

జవాబు బాగానే ఉంది. కానీ నాకు పూర్తిగా తలకెక్కలేదు. నాలుగురోజులకొకసారి కొళాయి వచ్చే ఊర్లో ఉంటూ, దాచుకోవడం తప్పంటే ఎలా ఎక్కుతుంది? కథని పక్కన పెట్టి పనికి పోయాను.

ఏప్రిల్ మొదటి వారంలో అత్తకు కడుపునొప్పి ఎక్కువైంది. నా భర్త యోగీశ్ పార్కు గేటు దగ్గర కాపలా పని చేస్తాడు. సెలవు పెట్టి ఆమెని బెంగళూరు తీసుకెళ్ళి చూపించాడు. గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. పెద్దది. తీసేయాలి. నెలాఖరు బుధవారానికి ఆపరేషన్ రాశారు. బిడ్డలు పెద్దయ్యారు కాబట్టి సంచి తీసేసినా పరవాలేదని యోగీశ్ తేలిగ్గా చెప్పబోయాడు.

అత్త అడిగింది ఒకటే. "కోసినాక నీళ్ళలో మునగచ్చా?"

"మూన్నెల్లు మునగకూడదన్నారు."

"మూన్నెల్లు నేనుంటే గదా," అంది అత్త. చాలా మామూలుగా అంది. నేను చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టేశాను. అరుగు మీద మామ బీడీ ముట్టించుకోబోయి ఆగిపోయాడు.

ఆ వారమే హొసకోట నుంచి పాస్టరు యెషయప్ప ఇంటికొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. నడుం పట్టేసి కర్ర ఊతంతో నడుస్తాడు. ప్రార్థన చేసి, కాఫీ తాగి, మెల్లగా అన్నాడు.

"కెంచమ్మా, దేవుడు మనసు చూస్తాడు. నీళ్ళు ల్యాకపోతే నీ తప్పు గాదు. నువ్వు దిగులు పెట్టుకోవద్దు."

"తెలుసయ్యగారూ. ఆయప్ప ఏమనుకోడు. నాకే కావల్ల," అంది అత్త. "పెండ్లికి మనసులు కలిస్తే చాలు గదా. అట్లని తాళి కట్టకుండా ఉంటామా?"

పాస్టరు నవ్వి, ఆపరేషన్‌కి ముందు వచ్చే ఆదివారం పొద్దున మొదటి బస్సుకి వస్తానన్నాడు. నీళ్ళుంటే బాప్తిస్మం, లేకుంటే ప్రార్థన. అత్త సరేనంది. ఆ రాత్రి వంటకి ముందు పిడికెడు తీస్తూ, "ఇంకా పద్దెనిమిది దినాలుండాయి. ఏ దినమన్నా ఇస్తాడులే," అని తనలో తాను అనుకోవడం విన్నాను. నాకు ఒళ్ళు మండింది. ఎవరో ఇస్తారని కూర్చునే మనిషిని కాను నేను.

మర్నాడు పనయ్యాక మా మేస్త్రీ గంగాధరప్పని అడిగాను. "అన్నా, ట్యాంకర్ అడుగున మిగిలే నీళ్ళు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, ఒంపేస్తాం. మడ్డి ఉంటాది గదా, మళ్ళ అద్దాలకు పనికిరావు. కావల్నా? ఎత్తుకుపో."

మా పెరట్లో పాత గొర్రెల తొట్టి ఉంది. ఎనిమిది అడుగుల పొడవు, మనిషి పడుకునేంత వెడల్పు, తొడల లోతు. గొర్రెలు పోయినప్పటి నుంచి అందులో పగిలిన బొక్కెనలు, పాత చెప్పులు పడి ఉన్నాయి. అత్త ఆ వైపు వచ్చేదే కాదు. నేను తొట్టి ఖాళీ చేసి, రోజూ రెండు క్యాన్ల నీళ్ళు యోగీశ్ బండి మీద తెప్పించి పోయడం మొదలుపెట్టాను. అత్తకు చెప్పలేదు. ఆదివారం పొద్దున చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిద్దామని నా ఆశ.

మొదటి రెండు రోజులు పోసిన నీళ్ళు తెల్లారేసరికి మాయం. తొట్టి అడుగున పగులుంది. మూడోరోజు క్యాను ఒంపుతుంటే వెనక నుంచి మామ గొంతు వినబడింది.

"ఏందిమ్మే, గొర్రెలు కొంటాండావా?"

"లేదు మామా. అత్త కోసరం."

మామ తొట్టిలోకి వంగి పగులు తడిమి చూశాడు. మర్నాడు నేను పనికి వెళ్ళి వచ్చేసరికి పగులు మీద సిమెంటు మెత్తి ఉంది. ఆయన మాత్రం అరుగు మీద ఎప్పటిలాగే బీడీ కాలుస్తున్నాడు. చేతివేళ్ళకు బూడిద రంగు ఇంకా అలాగే ఉంది. "మామా, నువ్వేనా?" అని అడిగితే, "పనీపాటా లేదా నీకు," అన్నాడు.

ఆ తర్వాత నీళ్ళు నిలబడ్డాయి. రోజురోజుకీ కాస్త కాస్త పైకి వచ్చాయి. మోకాలికి వచ్చాయి, మోకాలు దాటాయి. దుమ్ము పడకుండా పాత ఎలక్షన్ ఫ్లెక్సీ ఒకటి పైన కప్పి రాళ్ళు పెట్టాను. క్యాను ఒంపడానికి ఒక మూల ఎత్తితే సరిపోయేది. నీళ్ళ మొహం చూసే పనే లేదు. నాకు గర్వంగా ఉండేది. అత్త పొద్దున పిడికెడు తీస్తూ "ఈ దినానికి చాలినంత ఇయ్యి తండ్రీ" అనుకుంటుంటే, 'నువ్వు అట్లే అడుగుతా ఉండు అత్తా, నేను కూడబెడతా' అని లోపల నవ్వుకునేదాన్ని.

ఆదివారం రేపనగా శనివారం పొద్దున రంగక్క వచ్చింది. మా పక్కింటామే. ఊరికి ఆశా కార్యకర్త. ఎండాకాలంలో ఇంటింటికీ తిరిగి నీళ్ళ తొట్లలో దోమపిల్లలున్నాయేమో టార్చి వేసి చూసి, పుస్తకంలో రాసుకుంటుంది. మా ఇంట్లో బిందెలన్నీ చూసి, పెరట్లోకి నడిచింది. నేను వద్దనేలోపే ఫ్లెక్సీ పూర్తిగా పక్కకు లాగింది.

ముందు వాసన వచ్చింది. నీళ్ళ మీద పచ్చటి తెట్టు కట్టి ఉంది. రంగక్క టార్చి వేసేసరికి ఆ వెలుగులో వేలకు వేల పురుగులు వంకరలు తిరుగుతూ కిందకీ పైకీ ఈదుతున్నాయి.

"అయ్యో సవితా! దోమలకు చెరువు కట్టించినావు గదమ్మే!"

"రంగక్కా, ఒక్క దినం. రేపు పొద్దునకు నేనే ఒంపేస్తా."

"ఏం మాట్లాడతాండావు? మొన్న మంగళవాడలో ఇద్దరు పిల్లోళ్ళకు డెంగీ వచ్చింది. ఇవి రేపటికి రెక్కలొచ్చి ఎగిరిపోతాయి." ఆమె చీర ఎగ్గట్టి, తొట్టి అడుగున గుడ్డ చుట్టి కొట్టిన కొయ్య బిరడాని రాయితో తట్టి లాగేసింది.

రెండు వారాల నీళ్ళు. పచ్చగా, కంపుకొడుతూ కాలువలోకి పోయాయి. నేను తొట్టి అంచు పట్టుకుని ఏడ్చేశాను. అద్దాలు కడిగి కడిగి వచ్చి, భుజాలు పడిపోతుంటే మోసిన నీళ్ళు. పైగా అత్త మునగాల్సింది అందులోనా?

అలికిడికి అత్త గోడ పట్టుకుని బయటకొచ్చింది. కాలువ చూసింది, తొట్టి చూసింది, నన్ను చూసింది. విషయం ఆమెకు చెప్పాల్సి వచ్చింది. చెప్పాను, వెక్కుతూ.

అత్త నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, నొప్పి పుట్టి "అమ్మా" అంటూ, మళ్ళీ నవ్వింది. "పురుగులు పట్టినాయా? ఓయమ్మా! నేను ఆ కత చెప్పింది ఎవురికి?"

ఆ మాటతో నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఎడారిలో వాళ్ళు చేసిన తప్పే నేనూ చేశాను. తేడా ఒకటే, వాళ్ళకు ఫ్లెక్సీ లేదు.

మామ కూడా వచ్చి నిలబడ్డాడు. "తాగేదానికి గొర్రెలుంటే నీళ్ళు చెడవు," అన్నాడు. "పోస్తాంటే పోతాంటాయి, పోతాంటే పోస్తాంటాం. ఎవురికీ పెట్టకుండా మూతేసి పెడితే ఏ నీళ్ళైనా ఇంతే. నేను జెప్పల్సింది నీకు."

అత్త నవ్వు తగ్గింది. గుమ్మం మీద కూర్చుంది. "పోనీలే. రేపటిది రేపిస్తాడు." కాస్త ఆగి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "ఇయ్యకుంటే... అట్లే పోతా. ఏం చేస్తాం."

మూడేళ్ళలో ఆ 'ఇయ్యకుంటే' అనే మాట ఆమె నోట నేను వినలేదు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. అవి నిండి, అలాగే ఉండిపోయాయి. నాకు భయం వేసింది. గడ్డ గురించి కాదు. అత్త ఎదురుచూడటం మానేస్తే మా ఇంట్లో ఇంకెవరూ దేని కోసమూ ఎదురుచూసేవాళ్ళు లేరు.

మామ మధ్యాహ్నమంతా కొబ్బరిపీచు, ఇసుక పెట్టి తొట్టిని తోముతూనే ఉన్నాడు. ఖాళీ తొట్టి ఎందుకు తోముతున్నాడో నాకర్థం కాలేదు. సాయంత్రం లోపలంతా సున్నం కొట్టాడు.

ఆదివారం పని సెలవు. తెల్లారుతుండగా లేచి చూస్తే మామ తలగుడ్డ చుట్టుకుని, మా ఇత్తడి బిందె భుజాన పెట్టుకుని వీధిలోకి నడుస్తున్నాడు. మా ఊర్లో మగవాళ్ళు బండి మీద క్యాన్లు తెస్తారు గానీ బిందె పట్టరు. నేను ఆగలేక వెనకే వెళ్ళాను.

మామ రంగక్క గుమ్మం ముందు ఆగాడు. చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. అడగడం మర్చిపోయిన మనిషి కదా, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి రంగక్కే ముగ్గుచిప్పతో బయటకొచ్చింది.

"ఏమి శివన్నమామా, ఇంత పొద్దున్నే?"

"నిన్న నీళ్ళు పారబోసినావు గదా. అందుకే నీతోనే మొదలు," అన్నాడు మామ. "మా కెంచి మునగల్లంట. తొట్టికి నలభై బిందెలు కావల్ల. ఇంటికొకటి. మీ దినం నీళ్ళల్లోంచి ఒక్క బిందె." ఒక్క క్షణం ఆగాడు. "పిడికెడు తీస్తారు గదా, ఆ మాదిరి."

నేను చప్పున ఆయన మొహంలోకి చూశాను. మూడేళ్ళు ఎగతాళి చేసిన మాట అది. ఆయన నావైపు చూడలేదు.

కొళాయి శుక్రవారం వచ్చింది. మళ్ళీ మంగళవారమే. ఒక బిందె ఇవ్వడమంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు స్నానం మానేయడం. రంగక్క లోపలికెళ్ళి రెండు బిందెలు తెచ్చింది. రెండోది తనే మోసింది.

రెండో ఇల్లు ఎర్రప్పది, మూడోది బొమ్మన్నది. బొమ్మన్న పెళ్ళాం మామ భుజాన బిందె చూసి పగలబడి నవ్వింది. "మామా, గాజులు గూడా ఏసుకోకూడదా?" అంది. నవ్వుతూనే బిందె నింపింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి మామ అడగాల్సిన అవసరం లేకపోయింది. సంగతి ఆయనకంటే ముందే వీధి చివరికి చేరింది.

నారప్ప మాత్రం ఇవ్వలేదు. ఊర్లో ఇంకా గొర్రెలున్నది ఆయనొక్కడికే. "ఏమనుకోవద్దు శివన్నా," అన్నాడు తల దించుకుని. "నా గొర్రెలకే చాల్లేదు. నిన్నట్నుంచి అరస్తాండాయి."

"ఏమనుకోను లేప్పా. గొర్రెల కష్టం నాకు తెల్దా," అని మామ పక్కింటికి నడిచాడు.

ఎండ అరుగుల మీదకి వచ్చేసరికి పెరడంతా ఆడవాళ్ళు. ఒకామె స్టీలు బిందె, ఒకామె ప్లాస్టిక్ బిందె. అందరికీ తెలుసు, ఇది అత్త నమ్ముకున్న దేవుడి పని అని. వాళ్ళలో ఎవరికీ ఆ దేవుడితో సంబంధం లేదు. ఒంపుతూ ఒకామె, "ఇంగ భయపడద్దులే కెంచక్కా, బుధవారం ఏం కాదు," అంది. నేను బిందెలు లెక్కపెట్టడం ముప్పై మూడు దగ్గర మానేశాను. తెల్లటి సున్నం మీద నీళ్ళు తేటగా, అడుగు కనిపించేలా నిలిచాయి.

అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది.

పాస్టరు యెషయప్ప మొదటి బస్సుకి నలుగురు విశ్వాసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తొట్టి చూసి కర్ర మీద ఆనుకుని నిలబడిపోయాడు. నా నోరు ఊరుకోలేదు.

"అయ్యగారూ, గొర్రెలు తాగిన తొట్టిలో ఇయ్యచ్చా?"

ఆయనకంటే ముందు అత్త అంది. "యేసయ్యను పుట్టంగానే పండబెట్టింది యాడమ్మే? పశువుల తొట్టిలోనే గదా." పాస్టరు తలూపి కళ్ళు ఒత్తుకున్నాడు.

అత్త తెల్లచీర కట్టుకుని తొట్టిలోకి దిగి కూర్చుంది. నీళ్ళు నడుం దాటాయి. ఇక వెనక్కి వాల్చి ముంచాలి. పాస్టరు పక్కన నిలబడి వంగబోయాడు, నడుం పట్టేసి "అబ్బా" అన్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు ముందుకు కదిలారు. అప్పుడు మామ తలగుడ్డ తీసి గోడ మీద పెట్టాడు.

"జరగండప్పా. నూటా ఇరవై గొర్రెల్ని ఏటా నీళ్ళలో ముంచి కడిగినోన్ని. ముక్కులోకి పోకుండా ఎట్ల ముంచల్లో నాకు తెలుసు. మాట మీరు చెప్పండి అయ్యగారూ, నేను పట్టుకుంటా."

మామ తొట్టిలోకి దిగి, అత్త తల వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఒక చెయ్యి ఆమె మెడ కింద పెట్టాడు. రెండో చేతి వేళ్ళతో ముక్కు మూశాడు. పాస్టరు ఆమె నెత్తిన చెయ్యి ఉంచి తండ్రి పేర, కుమారుడి పేర, పరిశుద్ధాత్మ పేర మాటలు చెప్పాడు. మామ మెల్లగా వాల్చాడు. అత్త మొహం మీద నీళ్ళు కమ్ముకున్నాయి. పెరట్లో చిన్న అలికిడి కూడా లేదు. మరుక్షణం మామ లేపాడు. అత్త పెద్దగా ఊపిరి తీసుకుంది, పుట్టిన బిడ్డలా. రంగక్క ఎందుకో చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. నేను ఏడ్చాను, ఈసారి ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

తల తుడుస్తూ అడగకుండా ఉండలేకపోయాను. "అత్తా, నీళ్ళ కింద ఏం కనపడింది?"

"మీ మామ మొగం," అంది అత్త. "అటూ ఇటూ కదులుతా."

పాస్టరు పాట మొదలుపెట్టాడు. మామ పక్కకు జరిగి వీధిలోకి చూస్తున్నాడు. నారప్ప గొర్రెల్ని తోలుకుని వెళ్తున్నాడు, ఇటు చూడకుండా, వేగంగా. అత్త తడిచీరతోనే అంది. "ఇదో, వినబడిందా? ఆ నీళ్ళు రేపటికి పెట్టొద్దు."

మామ పెరటి తడిక తీశాడు. "నారప్పా! ఇట్ల తోలప్పా!"

గొర్రెలకు నీళ్ళ వాసన తెలుసు. ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి తొట్టికి రెండు వైపులా మూతులు పెట్టాయి. నారప్ప తడిక దగ్గరే ఆగిపోయాడు. మామ గొర్రెల మధ్య నిలబడి ఒక్కోదాని వీపు తడుతూ, దాన్ని ఇటు దీన్ని అటు సర్దుతున్నాడు. ఆ చేతులు అంత చురుకుగా కదలడం నేను కాపురానికొచ్చాక చూడలేదు. మధ్యాహ్నానికి తొట్టిలో చుక్క మిగల్లేదు.

మంగళవారం అత్త బయల్దేరింది. వెళ్ళేముందు నన్ను గూడు దగ్గరికి పిలిచి ముంత చూపించింది. "నేనొచ్చే దాకా నువ్వు తియ్యి."

"నాకు నమ్మకం ల్యాకుండా తీస్తే లెక్కకొస్తాదా అత్తా?"

"చేత్తో మొదలుపెట్టు. లోపలికి అదే పోతాది." ఆమె నా పిడికిలి మూసి, ఒకసారి నొక్కి, బస్సెక్కింది.

యోగీశ్ తల్లితో వెళ్ళాడు. ఇంట్లో నేనూ మామా మిగిలాం. ఇద్దరికీ కలిపి ఒక్కపూటే వండేదాన్ని. పొద్దున పనికి పోయేముందు వండుతూ పిడికెడు తీసి ముంతలో వేసి వెళ్ళేదాన్ని. బుధవారం ఫోన్ కొంగులో కట్టుకునే అద్దాలు కడిగాను. ఆపరేషన్ బాగా జరిగిందని యోగీశ్ చెప్పాడు. మామకు చెబితే, "ఊఁ," అన్నాడు. అని, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆ తర్వాత కూడా నేను రోజూ పిడికెడు తీశాను. ఎందుకు తీస్తున్నానని రోజూ నన్ను నేనే అడుక్కున్నాను. జవాబు తోచని రోజు కూడా తీశాను. మధ్యలో వచ్చిన ఆదివారం హొసకోటకు నేను పోలేదు. ముంత అలాగే ఉండిపోయింది.

పదమూడోరోజు అత్త తిరిగొచ్చింది. చిక్కిపోయింది గానీ కళ్ళల్లో తేట ఉంది. మామ అరుగు మీద నుంచి లేచి చెయ్యి అందించాడు. లోపలికి వచ్చి మంచం మీద కూర్చోగానే ఆమె అడిగింది ముంత గురించే. బరువులెత్తకూడదు కాబట్టి నేనే గూట్లోంచి దించబోయాను. ఒక చేత్తో లేవలేదు. రెండు చేతులూ పట్టి దించాను.

అత్త మూత తీసింది. బియ్యం ముంత మెడదాకా ఉన్నాయి.

"ఏమ్మే, దినానికి ఒక్కపూటే వండుతాండానని ఫోన్లో చెప్పినావు గదా? పదమూడు దినాలకు సగం గూడా రాకూడదే."

నేను నా పిడికిలి వైపు చూసుకున్నాను. చిన్నది. అత్త చెయ్యి కంటే కూడా చిన్నది. అంత బియ్యం ఈ చేతిలోంచి రాలేదు. నేను పనికి పోయాక ఇంట్లో ఉండేది ఇంకొక్క మనిషి. గొర్రెల మెడలు పట్టిన పెద్ద చెయ్యి ఆ మనిషిది.

తల తిప్పి గుమ్మం వైపు చూశాను. మామ మావైపు వీపు పెట్టి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో బీడీ ఉంది. ముట్టించలేదు. మా మాటలు వినబడేంత దూరమే.

నోటిదాకా వచ్చిన ప్రశ్నని నేను మింగేశాను. నా పుట్టుకలో అదే మొదటిసారి. రాత్రి వంటకి చేటలో బియ్యం పోసి, పొయ్యి వెలిగించకముందే పిడికెడు తియ్యమని అత్త దగ్గర పెట్టాను.